అక్క చేసిన రాడ్డు

విరిగిన యాక్సిల్ రాడ్డు ముక్కలు రెండూ వచ్చి అక్క కాళ్ళ దగ్గర ఠంగుమని పడ్డాయి.

"మళ్ళీ విరిగింది!" అన్నాడు తమ్ముడు. ఒళ్ళంతా బురద, కళ్ళలో నిప్పులు. "మూడోసారి! అదే వాలు, అదే మొదటి రాయి. చూడ్డానికొచ్చినవాళ్ళంతా పగలబడి నవ్వారు తెలుసా? 'అది రాడ్డా, బలపమా?' అని అడిగాడొకడు."

అక్క లేత్ మిషన్ ఆపింది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

"విసురు, ఇంకా విసురు! నా కాలు విరిగితే నీకు హాయిగా ఉంటుంది. బండి మొరాయిస్తే చాలు, యాక్సిలరేటర్ మీద ఎక్కి నిలబడతావు. విరక్క ఏం చేస్తుంది? నడపడం చేతకాక నా రాడ్డు మీద పడి ఏడుస్తావేం?"

వంగి ముక్కలు ఏరి తుక్కు డబ్బాలో పడేసింది. విరిగిన చోట ఇనుము పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

షెడ్డు బయట జీపుంది. ఒకప్పుడు అది నాన్నది. ఊరవతలి నల్లరాతి వాలును జీపుతో ఎక్కాలని మొట్టమొదట పంతం పట్టినవాడు ఆయనే. సగం దాకా ఎక్కాడు. అక్కణ్ణుంచి జీపూ ఆయనా కలిసి దొర్లారు. బాగుచేసుకోవడానికి జీపు ఒక్కటే మిగిలింది.

తమ్ముడు దాన్ని బిడ్డలా సాకుతున్నాడు. సొట్టలు తీశాడు. ఎత్తు పెంచాడు. నడుమెత్తు టైర్లు తొడిగాడు. గేర్‌బాక్స్ మార్చి, నాలుగు చక్రాలకూ ఒకేసారి లాగే బలం అందేలా చేశాడు. ఇరుసుల దగ్గర మాత్రం అక్కదే పట్టు. లారీ ఇరుసులు వేస్తేగానీ ఒప్పుకోనంది. వాటిలో లోపలి రాడ్డు విరిగినా చక్రం ఊడిపోదు. బండి ముందుకు కదలదు, అంతే. ఆ రాడ్లు కూడా ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. చేసేదీ తనే, బిగించేదీ తనే.

"పోనీ, బయట రెడీమేడ్ రాడ్లు దొరుకుతున్నాయి," అని నసిగాడు తమ్ముడు. "మిగతావాళ్ళంతా అవే..."

అక్క ఒంటికాలి మీద లేచింది.

"కొనుక్కో! కొనుక్కుని మళ్ళీ ఈ గడప తొక్కకు. ఈ చేతుల్తో ఎత్తుకు పెంచాను నిన్ను. నా చేతిపని నీకే పనికిరాకపోతే ఇంకెవడికి పనికొస్తుంది?"

తమ్ముడు తుక్కు డబ్బాను ఒక్క తన్ను తన్నాడు.

అప్పుడే ట్రాక్టర్లు అద్దెకు తిప్పే పెద్దమనిషి లోపలికొచ్చాడు. షెడ్డుకు వచ్చే పనిలో సగం ఆయనదే. తుక్కు డబ్బాలోకి తొంగి చూసి మూతి విరిచాడు.

"ఏంటమ్మా, నీ రాడ్లన్నీ ఇలా పుటుక్కుమంటున్నాయి? కొంపదీసి నీళ్ళలో ముంచుతున్నావా?"

ఆ మాటకు తమ్ముడికే తల కొట్టేసినట్టయింది. ఇక అక్క సంగతి చెప్పక్కర్లేదు.

"ఎర్రగా కాల్చిన రాడ్డును నూనెలో చల్లార్చాలని, నీళ్ళలో ముంచితే గాజులా పెళుసెక్కుతుందని నాకు మీరు చెప్పాలా? చిన్నప్పుడు తెలీక ఒక్కసారి ముంచితే నాన్న చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ ఇంకా గుర్తుంది నాకు!"

"నా మీద అరిస్తే ఏం లాభం? ఊళ్ళో అనుకుంటున్నదే అన్నాను. ఇంకొక్కటి విరిగిందంటే మాత్రం నా బళ్ళు వేరే షెడ్డు చూసుకుంటాయి. నా ఒక్కడివే కాదు, అందరివీ."

ఆయన వెళ్ళగానే అక్క చేతిలోని స్పానర్‌ను గోడకేసి కొట్టింది. నాన్న పోయాక ఈ కొలిమి ఆరిపోతుందని అందరూ అనుకున్నారు. ఆరనివ్వలేదు ఆమె. ఆడపిల్లకు ఇనుప పనేమిటని నవ్వినవాళ్ళే తర్వాత పని పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. అంత కష్టపడి తెచ్చుకున్న పేరు కళ్ళముందే మంటగలిసిపోతోంది.

"విన్నావుగా? నీ సరదా కోసం నేను వాడి చేత కూడా మాటలు పడాలి. అసలు ఆ బండలెక్కకపోతే నీకు తిన్నది అరగదా?"

"సరదా కాదక్కా. నాన్న సగంలో వదిలేశాడు. ఆ మిగతా సగం నాది."

"నీది! ఎంత బాగా చెప్పావురా!" అక్క కిందపడ్డ స్పానర్‌ను తీసి బల్ల మీద ధనామని పడేసింది.

తమ్ముడు పళ్ళు నూరాడు. "సరే. ఇంకొక్క రాడ్డు చెయ్యి. ఇదే ఆఖరు. ఈసారీ విరిగిందా, నాన్న మీద ఒట్టు, ఈ జీపును తుక్కుకిచ్చేస్తా. జన్మలో మళ్ళీ ఆ వాలు మొహం చూడను."

అక్క వాడి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"ఒట్టు మీద నిలబడతావా?"

"నిలబడతా. నువ్వు మాత్రం విరగనిది చెయ్యి."

"నా పని నాకు నేర్పకు. ముందు ఆ బురద కడుక్కుని ఇంటికి పో. నిన్ను చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది."

తమ్ముడు మూలనున్న నీళ్ళ తొట్టిలో చేతులు కడుక్కుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

అక్క కొలిమి రాజేసింది. కొత్త రాడ్డును లేత్ మీద ఎంతో శ్రద్ధగా తిప్పింది. ఎక్కడా వంక పెట్టడానికి వీల్లేదు. ఆ తర్వాత దాన్ని నిప్పుల్లో పెట్టి, ఎర్రబడేదాకా తమ్ముణ్ణీ, నాన్ననీ, ఆ నల్లరాతి వాలునూ నోరారా తిడుతూనే ఉంది.

రాడ్డు ఎర్రగా కాలాక పట్టకారుతో బయటికి తీసి, నూనె డ్రమ్మును కాలితో పక్కకు నెట్టి, ఇదివరకు మూడుసార్లు చేసినట్టే, తమ్ముడు చేతులు కడుక్కున్న ఆ తొట్టిలోని చన్నీళ్ళలో ముంచింది.