చంపింది వంటమనిషే

"చంపింది వంటమనిషే."

ఆ మాట అన్నది షాపులో ఫ్యాను కింద స్టూలు మీద కూర్చున్న ముసలాయన.

టైలరమ్మ చేతిలో మర్డర్ మిస్టరీ ఉంది. అట్ట మీద ఒక బావి, బావి గట్టున గరిటె. అద్దెకు తీసుకుందామా వద్దా అని అప్పటిదాకా ఊగిసలాడుతోంది.

షాపావిడకు ఏడుపొక్కటే తక్కువ. "తాతగారూ! కాసేపు ఫ్యాను కింద కూర్చుంటానంటే సరేనన్నాను. హంతకుడెవరో చెప్పేస్తారేంటండీ?"

"ఎలా ఉంటుందో ఏమో అని ఆ అమ్మాయి అంటుంటేనూ..."

షాపావిడ బాధ షాపావిడది. ఆ అద్దె పుస్తకాల షాపు తండ్రి వదిలి వెళ్ళింది. నాలుగు గోడల నిండా మిస్టరీలు, థ్రిల్లర్లు. ప్రతి పుస్తకం కిందా ఆవిడ స్వయంగా రాసి అంటించిన చీటీ: 'మొదలుపెడితే కింద పెట్టలేరు'. అన్నిటికీ అదే మాట. జనం నమ్మడం ఎప్పుడో మానేశారు. "నేను నాలుగుసార్లు కింద పెట్టానండీ. ఐదోసారి తియ్యబుద్ధి కాలేదు" అని బ్యాంకు గుమాస్తా మొహమ్మీదే అనేశాడు. షాపు గది ఆవిడ అన్నయ్యది. మూడు నెలల్లో జనం రాకపోతే ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళకి ఇచ్చేస్తానని గడువు పెట్టాడు.

"ఎవరో ఎలాగూ తెలిసిపోయింది. ఎందుకు చంపిందో చూస్తాలే" అని టైలరమ్మ పుస్తకం సంచిలో వేసుకుంది.

మూడో రోజు షట్టరు తియ్యకముందే వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఏరీ ఆ పెద్దాయన? ఆయన మాట పట్టుకుని మూడొందల పేజీలూ వంటమనిషి మీదే కన్నేసి కూర్చున్నాను. ఇస్త్రీపెట్టె కింద రెండు చొక్కాలు మాడిపోయాయి. తీరా చూస్తే చంపింది ఎవరనుకున్నారు..."

షాపావిడ గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోటి ఇవ్వండి" అంది టైలరమ్మ ఆ చెయ్యి తోసేసి. "ముందు ఆయనతో చెప్పించండి."

ముసలాయన ఎదురు భవనంలో నలభై ఏళ్ళు లిఫ్టు నడిపారు. ఎక్కినవాళ్ళే మీట నొక్కుకునే లిఫ్టు వచ్చాక ఆయన్ని ఇంటికి పంపేశారు. "లిఫ్టులో జనం ఏవేవో కథలు చెప్పుకునేవాళ్ళమ్మా. అసలు సంగతి వచ్చేసరికి ఏడో అంతస్తు వచ్చేది, దిగిపోయేవాళ్ళు. మిగతాది నేనే అల్లుకునేవాణ్ణి" అనేవారు.

నెల తిరిగేసరికి ఆయన స్టూలు ముందు వరస మొదలైంది. జనం జాతకం చూపించుకున్నట్టు నవల చేతికిచ్చి నిలబడేవారు. ఆయన అట్టను తేరిపార చూసేవారు. అరచేతిలో బరువు తూచేవారు. "మేనమామ పని" అనేవారు. లేదా "నర్సు. పాపం, మంచిదే." పుచ్చుకున్నవాళ్ళు ఆ మేనమామనో నర్సునో వెంటాడుతూ తిండీ తిప్పలూ మానేసి, చివరి పేజీలో బోల్తా పడి, ఊగిపోతూ వచ్చి మరోటి పట్టుకెళ్ళేవారు.

కాలేజీ లెక్చరరు దీని మీద పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. 'నిజం ఎవరైనా చెప్పగలరు. ఇంత నమ్మదగ్గ అబద్ధం చెప్పాలంటే నవల ఔపోసన పట్టి ఉండాలి. ఆయన అక్షరమక్షరం నమిలి మింగిన పాఠకుడు.' షాపావిడ ఆ వ్యాసం ఫ్రేము కట్టించింది. పాత చీటీలన్నీ చించేసి, వాటి బదులు 'తాతగారు చూసినది' అని రాసి అంటించింది.

ఒక్కసారే బెడిసికొట్టింది. "లాయరు" అన్నారాయన. చూస్తే నిజంగానే లాయరు. అది చదివిన బ్యాంకు గుమాస్తా వచ్చి చిందులు తొక్కాడు. "నిజం చెప్పి మోసం చేస్తారా? మీ మాట మీద గౌరవంతో నేను మొదటి పేజీ నుంచీ లాయర్ని వదిలేశాను!"

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. షాపావిడ వెతుక్కుంటూ వెళ్ళింది. మెట్ల కింద చిన్న గది. మంచం, కుండ, గోడకి తగిలించిన పాత యూనిఫారం.

"నేనింక రానమ్మా. నాకేం తెలుసని? ఏదో తోచింది అంటున్నాను. ఏదో ఒకరోజు నీ షాపు పరువు తీస్తాను."

"గొప్పవాళ్ళందరూ ఇలాగే అంటారు. పదండి."

ఆయన ఏదో చెప్పబోయారు. ఆవిడ వినలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది.

గడువు రోజున అన్నయ్య తాళంకప్ప పట్టుకుని వచ్చాడు. లోపలికి పోవడానికి సందు లేదు. వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి ఊరికే నిలబడలేక తీసిన నవల ఒకటి చేతిలో ఉంది. తాతగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "డ్రైవరు" అన్నారు.

"డ్రైవరా? ఛ!" అన్నాడు అన్నయ్య. అక్కడే గుమ్మంలో కూలబడి చదవడం మొదలుపెట్టాడు. తాళంకప్ప సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమే షాపావిడ ఒక కాగితం టైపు చేయించింది. తాతగారు ఇకమీదట షాపుకి ప్రధాన సలహాదారు. పాఠకులు ఏం చదవాలో నిర్ణయించే పూర్తి అధికారం ఆయనదే. సాక్షి సంతకం లెక్చరరుది. అందరూ చప్పట్లు కొట్టారు. టైలరమ్మ కళ్ళొత్తుకుంది.

"ఇక్కడ, మీ పేరు కింద, ఒక్క సంతకం" అంటూ షాపావిడ పెన్ను మూత తీసి అందించింది.

ఆయన ఆ పెన్నును మర్యాదగా పక్కన పెట్టి, తేదీ ముద్రలు వేసే ఇంకుప్యాడు దగ్గరికి లాక్కుని, ఎడమచేతి బొటనవేలు అద్దారు.