ముసలిదానికో ఓటు

“ఈ ముసలిదాన్ని ఇంకెన్నాళ్లు మోస్తాం మాస్టారూ? ఇక్కడితో దించేద్దాం,” అన్నాడు నాయకుడు, గోడ మీది తెర వైపు చెయ్యి చూపిస్తూ.

గదిలో నవ్వులు. పెద్దాయన నవ్వలేదు. ముసలిదంటే మనిషి కాదు, డెస్క్‌టాప్. కంప్యూటర్ తెరవగానే ఎదురొచ్చే ముఖం. ఆ ఆరుగురూ కలిసి జీతం భత్యం లేకుండా తయారుచేసి, అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చే, కంప్యూటర్‌ని నడిపే లినక్సు సాఫ్ట్‌వేర్‌లో అలాంటి ముఖాలు మూడున్నాయి. అన్నిట్లోకీ పాతదాన్ని మొదట్నుంచీ సాకింది ఆయనే. రాబోయే కూర్పులో రెండే ఉండాలని మిగతావాళ్ల పట్టు.

“పాత కంప్యూటర్ల మీద నడిచేది అదొక్కటే కదయ్యా,” అన్నాడాయన. “ఆ లైబ్రరీ నడిపే ఆవిడకి ఏం చెప్పమంటావ్? ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునే పిల్లలంతా అక్కడికే వస్తారు. కొత్తవి ఎక్కిస్తే ఆ డొక్కు మిషన్లు కదలవు. తియ్యనివ్వకండని పొద్దున కూడా ఫోన్ చేసింది. నేనుండగా ఎలా తీస్తారమ్మా అన్నాను.”

“డొక్కువి పారేసి కొత్తవి కొనుక్కోమనండి బాబాయ్,” అంది బొమ్మలు గీసే అమ్మాయి. “దాన్ని చూస్తే మా అమ్మమ్మ ట్రంకుపెట్టె గుర్తొస్తుంది. మూత తీస్తే తుమ్ములే.”

మళ్లీ నవ్వులు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“సరే, ఓటు పెడదాం,” అన్నాడు నాయకుడు. “ఎవరు ఎటు వేశారో తెలీదు, లెక్కొక్కటే తెర మీద పడుతుంది. ఉండాలని ఇద్దరు కోరితే చాలు, ఉంటుంది. మన కట్టుబాటే అది.” ఆగి, కన్ను గీటాడు. “ఒక్కటే పడిందనుకోండి, అదెవరిదో పట్టుకోడానికి పోలీసు కుక్క అక్కర్లేదు!”

ఈసారి పగలబడి నవ్వారు. పెద్దాయన తల వంచుకుని ఫోన్లో ఓటు నొక్కాడు.

లెక్క పడింది. తీసెయ్యడానికి ఐదు. ఉంచడానికి ఒకటి.

ఎవరూ నవ్వలేదు. నాయకుడే లేచొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. “ఏదో సరదాకి అన్నాను, మనసులో పెట్టుకోకండి మాస్టారూ. మాట మీద నిలబడటమంటే ఇదీ!”

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు, బొమ్మల అమ్మాయి తప్ప. ఆమె రెప్ప వెయ్యకుండా ఆయన వంకే చూస్తోంది. ఆయన చూపు బల్ల మీంచి లేవలేదు. చప్పట్లు ఆగేదాకా అలాగే కూర్చుని, సంచీ తీసుకుని బయటపడ్డాడు.

మెట్లు దిగుతుంటే లైబ్రరీ ఆవిడ ఫోన్.

“ఏమైంది అన్నయ్యా?”

“పోయిందమ్మా. ఒక్క ఓటే పడింది.”

“పోనీలెండి. అంతమందిలో మాకోసం మీరొక్కరైనా నిలబడ్డారు. ఈ మేలు మర్చిపోను. ఇంకొక్కరు కలిసుంటే గట్టెక్కేవాళ్లం కదా!”

“ఆ ఇంకొక్కరే దొరకలేదమ్మా,” అన్నాడు పెద్దాయన.

పడ్డ ఆ ఒక్క ఓటు ఆయనది కాదు.