ప్రొప్రైటరు గారి కార్డులు

17-3-1968. ఈ రోజు వడియాలు పెట్టాను, మినుములు చెరిగాను, ఉప్పు బేరానికి వచ్చిన తొమ్మిదిమందికి టీ కాచాను.

మా ఆయన నౌపడ ఉప్పుకు కమీషన్ ఏజెంటు. ఈ నెల ఒక్క బేరమైనా కుదరకపోతే మా తమ్ముడి కొట్లో గుమాస్తాగా చేరాల్సిందే. విజిటింగ్ కార్డులు అచ్చు వేయించే స్తోమత లేక, అమ్మాయి పెళ్లికి మిగిలిన శుభలేఖలు కోసి, వెనకవైపు పేరు పక్కన ‘ప్రొప్రైటర్’ అని ఆయన ముచ్చటపడి చేయించుకున్న రబ్బరు స్టాంపు వేశాను.

"మూలల్లో ఈ పసుపేటే? నా పరువు తీసీసినావు!" అన్నారు ఆ రోజు, పంచడానికి బయల్దేరుతూ.

"పెళ్లినాటి మరక. ఎంత తుడిసినా పోతన్లేదు" అన్నాను.

ఇవాళ బేరానికి వచ్చిన వాళ్లలో సోములు షావుకారు నవ్వాడు. "పసుపంటిన కార్డు పారేత్తామేటి బావా? దేవుడి గూట్లో ఎట్టినాను. దండమెట్టినప్పుడల్లా నీ పేరే!"

షావుకారు వెళ్లగానే మా వారు నావైపు తిరిగారు. "సూసినావా, ప్రొప్రైటర్ అన్న మాటకెంత బలముందో!"

కార్డులకు పూయడానికి పక్కింటి తవిటమ్మ దగ్గర బదులు తెచ్చిన గిద్దెడు పసుపు సాయంత్రం తిరిగి ఇచ్చేశాను. బాకీ చెల్లు.