డెబ్బైనాలుగో నంబరు చోటు

"డెబ్బైనాలుగు స్థానంలోకి కొత్తవాణ్ణి తెచ్చుకోవాలి. ఇవాళే," అంది పక్క స్టూలు మీద కూర్చున్నావిడ.

నార్బ్ చేతిలోని చేపముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం సాయంత్రం డార్లీన్ బార్లో చేపల వేపుడు తింటున్నాడు గాని, అంత మాట అక్కడ ఎవరూ అనగా వినలేదు. ఆ నంబరు ఆటగాడి చొక్కా సీసాల అర పైన అద్దాల పెట్టెలో ఉంది. నార్బ్ ఒంటి మీద ఉన్నదీ అదే నంబరు.

ఆ రోజు డ్రాఫ్ట్. కాలేజీ ఆటగాళ్ళను అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు వంతులవారీగా ఏరుకునే పండగ. మన జట్టు మొదటి విడతలో తన వంతును ఏనాడో ఇంకో జట్టుకు ఇచ్చేసుకుంది కాబట్టి, ఇవాళ రెండో విడతలో దొరికేవాడే దిక్కు. కాగితం మిల్లులో ఎలక్ట్రీషియనైన నార్బ్ చలికాలమంతా బుర్ర బద్దలు కొట్టుకుని తేల్చింది ఒక్కటే: దూసుకుపోయి బంతి పట్టే కుర్రాడు కావాలి. లెఫ్ట్ టాకిల్ గురించి దిగులెందుకు, డెబ్బైనాలుగు ఉండగా?

"మీది ఈ ఊరు కాదనుకుంటా," అన్నాడు మర్యాద తప్పకుండా.

కాదంది. అయోవా రాష్ట్రం నుంచి వచ్చి అయినవాళ్ళింట్లో దిగిందట. అక్కడ ఇవాళ టీవీ పెట్టనివ్వకపోతే ఇలా వచ్చిందట. మంచి ఎత్తూ లావూ ఉన్న మనిషి, ఆవిడ కింద స్టూలు పిల్లల పీటలా ఉంది. వస్తూనే నలుగురికి సరిపడా చేపలు పొట్లం కట్టమంది గాని, తను మాత్రం రై ధాన్యపు రొట్టె తుంచుతూ కూర్చుంది.

"డ్రాఫ్ట్ రోజున టీవీ ఆపేసే కొంప కూడా ఉందా ఈ రాష్ట్రంలో?" డార్లీన్ ముక్కున వేలేసుకుంది.

"ఉంది. పంతం మనిషి కొంప."

పాపం, ఆట తెలియక అంటోందేమోనని నార్బ్ ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా ముందుకు లాగి చెప్పడం మొదలుపెట్టాడు. ఉప్పు డబ్బా మన క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు. కుడిచేత్తో విసురుతాడు కనక ఎడమ పక్క నుంచి మీదికొచ్చేవాడు కనబడడు. ఆ పక్కన కాపు కాసేది మిరియాల డబ్బా. అదే లెఫ్ట్ టాకిల్, మన డెబ్బైనాలుగు. ఆ తరవాత మంచులో ఆడిన ఆట సంగతి ఎత్తుకున్నాడు. అది ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆట సగంలో డెబ్బైనాలుగుకు మోకాలు పోయింది. మార్చడానికి మనిషి లేడు. కాలికి పట్టీ బిగించుకుని మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు. చివరిదాకా ఒక్కడంటే ఒక్కడు ఆ పక్క నుంచి రాలేకపోయాడు.

"అది మనిషి కాదమ్మా, గోడ," అన్నాడు. "ఎప్పుడు మానేస్తారని అడిగితే ఏమన్నాడో తెలుసా? నా చోట నిలబడేవాడు వచ్చేదాకా ఆ బంతి విసిరే కుర్రాడి వీపు వదిలిపెట్టి పోనన్నాడు."

"తెలుసు. అందుకే అంటున్నా. వాడి మోకాలు అయిపోయింది."

"వాడు గీడు అనకండి. ఆయన్ని పాత సోఫాలా వీధిలో పడెయ్యమంటారా?"

ఆవిడకు కోపం రాలేదు. మిరియాల డబ్బాను మెల్లగా తన వైపు జరుపుకుంది.

"మీరు ఆటలో ఏం చూస్తారు?"

"బంతిని. ఇంకేం చూస్తారు ఎవరైనా?"

"నేను బంతిని చూడను. అందరూ కుప్పగా పడ్డాక వాడు లేచాడా లేదా అని చూస్తా. రెండేళ్ళ కిందట ఒక చెయ్యి నేలకు ఆనించి లేచేవాడు. పోయినేడు రెండు చేతులూ ఆనించి లేచాడు."

నార్బ్ వాదించబోయాడు. ఇంతలో కిందటి డిసెంబరు ఆటలన్నీ కళ్ళ ముందు కదిలాయి. నిజమే, రెండు చేతులూ. ఒక్క ఆట వదలకుండా చూశాడు, ఇది మాత్రం చూడలేదు. ఇంత చూపున్న అభిమానిని తన జన్మలో ఎరగడు. ఆవిడ వైపు తిరిగి, గుడిలో నిలబడ్డట్టు, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

టీవీలో మన జట్టు పేరు పిలిచారు. డార్లీన్ గ్లాసులు కడగడం ఆపింది. ఎప్పుడూ లేనిది, ఎవరు రావాలని కోరుకోవాలో నార్బ్‌కు తెలియలేదు. ఆవిడ బల్ల అంచును గట్టిగా పట్టుకుంది.

లెఫ్ట్ టాకిల్.

తెర మీద ఒక భారీ కుర్రాడు గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చి వాళ్ళమ్మను వాటేసుకున్నాడు. బారంతా ఉసూరుమంది. గోడను కూల్చేశారని ఎవరో గొణిగారు. ఆవిడ మాత్రం చేతిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది, నవ్వుతూనే.

"మీ మాటే నెగ్గింది," అన్నాడు నార్బ్. మనస్ఫూర్తిగానే అన్నాడు. మిరియాల డబ్బాను తీసి దాని చోట పెట్టబోతే, ఆవిడ వదల్లేదు.

చేపల పొట్లం వచ్చింది. దాన్ని చంకన పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, ఆవిడ ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"నీ చోటుకి మనిషొచ్చాడు, ఇక మనింటికి పోదాం పద, కన్నా."