గాజు గిన్నె మూత

గాజు గిన్నెలోని ద్రావణంలో ముంచిన బంగారు రేకు మీద సేంద్రియ అణువులు పలచని పొరలా, వరుసగా నిలబడాలి. నిలబడితేనే ఆ ల్యాబులోని పరిశోధక విద్యార్థినికి డాక్టరేటు. నాలుగేళ్లుగా అవి సంతలో జనంలా ఎటుబడితే అటే పడుతూ వచ్చాయి.

ఈ సోమవారం మైక్రోస్కోపులో చూస్తే, నాట్లేసిన మడిలా ఒక్క వరుస తప్పలేదు.

"ఏం చేశావమ్మా?" ఆమె ప్రొఫెసర్ మరోసారి మైక్రోస్కోపులోకి వంగి చూశారు.

"ఏం చెయ్యలేదు సార్. నేను కాన్పుకి వెళ్లాను, మీరు మీటింగులకెళ్లారు. గిన్నె మూత తీసి కెలికేవాళ్లు లేక, వాటంతటవే సర్దుకున్నాయి."

ప్రొఫెసర్ గంభీరంగా తలూపారు. సాయంత్రానికి గోడ మీద నోటీసు వెలిసింది:

"గిన్నెను ఎవరూ ముట్టుకోరాదు. ఎవరూ ముట్టుకోవడం లేదు కదా అని గంటకోసారి మూత తీసి నేనే స్వయంగా పరీక్షిస్తాను."