ఊతకర్రలు

కమాను కింద నిలబడనన్నాడు పేర్రాజు.

కైకలూరు దారిలో 1934లో కట్టిన వంతెన అది. కాంట్రాక్టులో ఇద్దరు భాగస్తులు. కొల్లేటి గుల్లసున్నం కొన్నది పేర్రాజు, ఇటుక పేర్చింది తాపీమేస్త్రీ బాలస్వామి. సున్నం ఆరేదాకా కమానును మోసిన ఊతకర్రలు తీసేటప్పుడు, పని గట్టిదని చూపడానికి భాగస్తులిద్దరూ కమాను కింద నిలబడడం ఆనవాయితీ.

"అయితే సున్నంలో బూడిద కలిపావన్నమాట!"

బాలస్వామి సుత్తి పిడితో అతని మూతి పగలగొట్టాడు. జుట్టు పట్టి కమాను కిందికి ఈడ్చాడు.

"చస్తే ఇద్దరం చద్దాం!"

పేర్రాజు అతని ముంజేతి కండ ఊడేలా కొరికాడు. బాలస్వామి వదల్లేదు. నెత్తురోడే చేత్తో అతన్ని పట్టుకునే, రెండో చేతి సుత్తితో మిగిలిన ఆఖరి కర్రను పడగొట్టాడు.

కమాను కదల్లేదు.

పేర్రాజు విరిగిన పన్ను ఉమ్మి పైకి చూశాడు.

"సున్నం మేలైనదేనండీ. మీ తాపీపని మీదే నాకు నమ్మకం లేకపోయింది."