పదకొండులో ఒక్క ఓటు

“నిజం చెప్పు మార్టీన్, ఆ ఓటు నీదేనా?”

టీ కప్పు చేతిలో ఉండగానే అడిగాడు ఫిన్‌బార్ మల్కెరిన్. పడవలో తడిసిన ప్యాంటు పొయ్యి సెగకు ఆవిర్లు కక్కుతోంది.

“నాదా? సోషలిస్టుకు ఓటేస్తే నా చెయ్యి పడిపోవాలి!” అన్నాడు మార్టీన్. “ఇంకో ముక్క రొట్టె తీసుకోండి. మా కొత్త కోడలు చేసింది.”

ఎత్నా సిగ్గుపడింది. పెళ్ళై ఈ దీవికి వచ్చి మూడు నెలలు. సోడా రొట్టె ఇవాళే మొదటిసారి చక్కగా పొంగింది. వచ్చిన పెద్దమనిషి మూడో ముక్క అందుకోవడం చూసి భర్త కోల్మన్ ఆమెకు కన్ను గీటాడు. ఆమెకు ఆ పూటకు అది చాలు.

ఫిన్‌బార్ గురించి ఆమె గాల్వేలో కాలేజీ రోజుల నుంచి వింటూనే ఉంది. రేవులో బొగ్గు మోస్తూ పంతొమ్మిదో ఏట కూలీల సంఘం పెట్టాడు. సమ్మె చేయించి ఉన్న పని పోగొట్టుకున్నాడు. దేవుడు లేనివాడని చర్చిలో ఫాదర్ పేరుపెట్టి తిట్టాడు. డబ్లిన్ పార్లమెంటుకు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడాడు. జిల్లా పాలన చూసే కౌంటీ కౌన్సిల్‌కు మాత్రం వరసగా ఐదుసార్లు గెలిచాడు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు.

ఓట్ల లెక్కింపు రోజున హాల్లో ఒక్కో పెట్టె తెరిచి కాగితాలు విప్పుతుంటే, అన్ని పార్టీల మనుషులూ కొయ్య కంచెను ఆనుకుని నిలబడి, ఏ ఊళ్ళో ఎవరికెన్ని పడ్డాయో పెన్సిలుతో గీసుకుంటారు. ఈ దీవిలో పదకొండు ఓట్లు. ఐదుసార్లూ ఫిన్‌బార్‌కు పడింది ఒక్కటే. ఆ ఒక్కరూ ఎవరో కనుక్కుని చెయ్యి కలపాలని ఆయన పడవెక్కి వస్తూనే ఉన్నాడు. ఇల్లిల్లూ తిరిగేవాడు. తిరుగుతూ తిరుగుతూ రేవుగట్టు పగుళ్ళూ, నర్సు రాకపోవడమూ, బడి కప్పు కారడమూ అన్నీ నోట్‌బుక్కులో రాసుకునేవాడు. ఒకటొకటిగా బాగయ్యేవి.

“మరి పెద్ద పార్టీలవాళ్ళు రారా?” అని ఎత్నా పొద్దున భర్తను అడిగింది.

“వాళ్ళకు మనవి ఖాయం ఓట్లు. ఖాయమైనదాని కోసం ఎవడు పడవెక్కుతాడు?” అన్నాడు కోల్మన్.

తలుపు తోసుకుని పక్కింటి ఫెస్టీ వచ్చాడు.

“నువ్వా, ఫెస్టీ?” ఫిన్‌బార్ ఆశగా చెయ్యి చాపాడు.

“అమ్మో, నేను ఫాదర్ మాట జవదాటను. ఈ ఇంటినే అనుమానించండి. దండెం మీద ఎర్రజెండా ఆరేశారు, చూడలేదా?”

“ఒరేయ్, అది మా ఆవిడ పావడారా!” అరిచాడు మార్టీన్.

అందరూ నవ్వారు. ఫిన్‌బార్ కూడా నవ్వి, దగ్గి, గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఎత్నా అత్తగారు బైబీన్ నీళ్ళు అందించింది.

“ఇలా ఎన్నాళ్ళు తిరుగుతారయ్యా?” అంది.

“అదే చెబుదామని వచ్చానమ్మా. ఈసారి నిలబడవద్దని మా ఆవిడ పోరు. డాక్టరుదీ అదే మాట. ఆ మనిషెవరో తెలిసి, ఒక్కసారి చెయ్యి పట్టుకున్నానంటే ఇంట్లో హాయిగా కూర్చుంటాను.”

“తెలియకపోతే?”

“మళ్ళీ నిలబడాలి. ఇరవై ఐదేళ్ళు నన్ను నమ్మిన మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా మానేస్తాను?”

ఫిన్‌బార్ గొంతు తగ్గించాడు.

“ఇంకో సంగతి. మిమ్మల్నందరినీ ఒడ్డుకు తరలించి, దీవి ఖాళీ చేయించాలన్న కాగితం మళ్ళీ కౌన్సిల్‌కు వచ్చింది. ఇప్పటికి మూడుసార్లు ఆపాను. నేను మానేస్తే ఆపేవాళ్ళెవరో నాకు తెలీదు.”

ఎత్నా లోపలి గది వైపు చూసింది. పడకగది కిటికీకి తనూ కోల్మన్ కలిసి నీలం రంగు వేసి ఇంకా పది రోజులు కాలేదు. ఈ ఇల్లు వదలడమా?

ఫిన్‌బార్ ఆఖరిసారిగా అందరి మొహాలూ చూశాడు. “చెప్పండి. ఎవరూ తిట్టరు. ఎవరు?”

మార్టీన్ పైపు దులుపుకున్నాడు. ఫెస్టీ కప్పులోకి చూశాడు. బైబీన్ పొయ్యి సర్దింది.

“అయితే నిలబడాల్సిందే,” అని నిట్టూర్చి టోపీ అందుకున్నాడు ఫిన్‌బార్. పోటు తగ్గకముందే పడవ కదలాలి. గట్టు దాకా అందరూ వెళ్ళి సాగనంపారు. పడవ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది ఎత్నా.

వంటింట్లోకి రాగానే ఆమె ఇక ఆగలేకపోయింది.

“అత్తయ్యా, నా ఓటు ఈ దీవికి మారింది కదా. ఓటు కాగితం మీద మొదటి ఎంపికగా ఒకటో అంకె ఆయన పేరు పక్కనే వేస్తాను. ఈసారి ఆయనకు రెండు పడతాయి! ఎంత సంతోషిస్తాడో!”

కోల్మన్ తల గోక్కున్నాడు. ఫెస్టీ నవ్వు ఆపుకుంటూ మార్టీన్ వైపు చూశాడు.

“నువ్వు వెయ్యకమ్మా,” అంది బైబీన్.

“అదేమిటి, ఆయనంటే మీకు ఇష్టం లేదా?”

“ఎందుకు లేదు? ఈ దీవిలో ఆయనంటే ఇష్టంలేని వాళ్ళెవరు?”

“మరి నేనెందుకు వెయ్యకూడదు?”

బైబీన్ కోడలి చెయ్యి పట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

“ఈసారి వంతు మీ మామయ్యది.”